ఇంగ్లీషు పరీక్షలో రీడింగు: మన పిల్లలు సిద్ధపడవలసిన తీరు

(చీపురుపల్లిలో జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏటా ఈ సభలో చదువును గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఈ ఏడు ఆ పని మాకు అప్పగించారు. చదువు గొప్పది, చదువుకోండి అని ఒక గంటసేపు చెప్పవచ్చును. అది మీకు తెలియని సంగతి కాదు. అంచేత ఒక్క చిన్న విషయమే ఎత్తుకొంటున్నాము. పై దేశాలకు పోయి చదువుకోవాలన్నా, ఉద్యోగం చేయాలన్నా మన పిల్లలు రాయవలసివచ్చే ఇంగ్లీషు పరీక్షలో రీడింగు, అనగా చదివి అర్థం చేసుకొనే భాగం, దాని సంగతి.

మేము ఇంగ్లీషు పండితులము కాము. ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పిల్లలకు లెక్కలూ, సాంఘికమూ చెప్పుకొనే వాళ్ళము. ఈ మనిషికి ఇంగ్లీషు పరీక్షతో పనేమిటని మీకు అనిపించవచ్చును. మేము చేసిన ఒక పొరపాటు మమ్మల్ని ఈ పనిలోకి దింపినది. ముందుగా దానితోనే మొదలుపెడతాము. ఈ మాట చెప్పడానికి ఆ అమ్మాయి, వాళ్ళ ఇంటివారు మాకు అనుమతి ఇచ్చారు.

మన వీధి పిల్లే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తరువాత నర్సింగు చదివి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నది. బ్రిటన్ పోవాలని కోరిక. అక్కడ నర్సుగా నమోదు కావడానికి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఇంగ్లీషు పరీక్ష మార్కులు చూస్తుంది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్., పిల్లలు ఐయెల్ట్స్ అంటారే, అది రాసినవారికి రీడింగు, లిజనింగు, స్పీకింగు మూడింటిలోనూ 7 చొప్పున, రైటింగులో 6.5 రావాలి. ఆ అమ్మాయి ఒకనాడు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, రీడింగుకు ఏం చదవమంటారు?" అని అడిగినది.

మేము ఏమీ ఆలోచించకుండా, "మాటలు బట్టీ పట్టు బేటీ. రోజుకు ఇరవై. నూరు రోజుల్లో రెండు వేల మాటలు వస్తాయి. ఇంకేం కావాలి?" అన్నాము. పాత నిఘంటువు దగ్గర పెట్టుకొని మేమే జాబితా రాసి ఇచ్చాము. ఆ పిల్ల రాత్రి డ్యూటీ చేసి వచ్చి కూడా వాటిని వల్లె వేసింది. ఏ మాట అడిగినా ఉర్దూలో ఒక అర్థం, తెలుగులో ఒక అర్థం టక్కున చెప్పేది. మేము నలుగురి దగ్గర గొప్పగా చెప్పుకొన్నాము కూడా.

ఫలితం వచ్చింది. రీడింగులో 5.5.

"మాటలు చాలావరకు తెలిసినవే మాస్టారూ. మొదటి పాసేజీ బాగా అర్థం కావాలని మూడుసార్లు చదివాను. మూడోదానికి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలే మిగిలాయి. తెలియనివి ఖాళీగా వదిలేశాను" అన్నది.

ఆ పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కొయ్యరు. ఖాళీ వదలడం కంటే ఏదో ఒకటి పెట్టడమే మేలు. ఈ చిన్న సంగతి మేము ఆమెకు చెప్పలేదు. మాకే తెలియదు కనుక. ఆ పరీక్ష ఫీజు వాళ్ళ అబ్బా చీటీ పాడి కట్టిన సొమ్ము. ఆయన మాకు బజారులో ఎదురుపడి సలాము చేసి, "పర్వాలేదు మాస్టారూ, మళ్ళీ రాస్తుంది లెండి" అన్నారు. ఆయన రెండు మాటలు అనేసినా మాకు అంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి మేము ఒక నమూనా ప్రశ్నపత్రం తీసుకొని, ఎదురుగా గడియారం పెట్టుకొని, మా అంతట మేమే పరీక్ష రాసుకొన్నాము. అరవై నిమిషాలు అయ్యేసరికి మూడో పాసేజీ సగం మిగిలిపోయింది! ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళము. అప్పుడు తెలిసింది, ఈ పరీక్ష అడిగేది మాటలు ఎన్ని వచ్చునని కాదు. కావలసినది ఎంత తొందరగా వెతికి పట్టుకోగలవని.

ఇక పరీక్ష స్వరూపం చెబుతాము. పిల్లలు కాస్త రాసుకోండి.

ఈ ఐ.ఇ.ఎల్.టి.ఎస్. 1989లో వచ్చింది. ఇందులో రెండు రకాలు. పై చదువులకు, నర్సులు, డాక్టర్ల నమోదుకు అకడమిక్. పనికోసం, స్థిరనివాసం కోసం పోయేవారికి ఎక్కువగా జనరల్ ట్రైనింగ్. ఏది రాయాలో మీరు పోదలచిన చోటివారు చెబుతారు. అడగకుండా డబ్బు కట్టవద్దు. రెండింటిలోనూ రీడింగుకు 60 నిమిషాలు, 40 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు. అకడమిక్‌లో మూడు పెద్ద పాసేజీలు ఉంటాయి. మూడూ కలిపి 2,150 నుంచి 2,750 మాటలు. పుస్తకాలు, పత్రికలలో నుంచి సామాన్య పాఠకులకు తెలిసేటట్టు ఉన్నవే తీస్తారు. జనరల్‌లో మొదట ప్రకటనలు, నోటీసులు వంటి చిన్నవి, తరువాత ఉద్యోగానికి సంబంధించినవి, చివరకు ఒక పెద్ద పాసేజీ.

మార్కుల లెక్క చూడండి. అకడమిక్‌లో సుమారు 23 సరిగా రాస్తే 6, సుమారు 30 రాస్తే 7. జనరల్‌లో పాసేజీలు కొంత తేలిక కాబట్టి కొలత గట్టిది: 30 రాస్తే 6, 34 రాస్తే 7. పేపరును బట్టి ఒకటి అటూ ఇటూ కావచ్చును. అంటే అకడమిక్‌లో 7 కావాలన్నా పది తప్పులు పోవచ్చునన్న మాట. ఇది ధైర్యం చెప్పే లెక్క. ఒక్క కఠినమైన ప్రశ్న దగ్గర అయిదు నిమిషాలు కూర్చునేవాడు ఈ లెక్క తెలియనివాడు.

కాలం లెక్క కూడా వేద్దాము. నిమిషానికి 60 మాటలు చదివేవాడికి 2,700 మాటలకు 45 నిమిషాలు కావాలి. నలభై ప్రశ్నలకు 15 నిమిషాలే మిగులుతాయి. నిమిషానికి 120 మాటలు చదివేవాడికి 23 నిమిషాలు చాలు, ప్రశ్నలకు 37 మిగులుతాయి. ఇద్దరికీ తెలిసిన మాటలు సమానమే అనుకోండి, మార్కులు మాత్రం సమానం కావు. మన పిల్లలు బడిలో గట్టిగా, ఒక్కొక్క మాటా పలుకుతూ చదవడానికి అలవాటు పడినారు. ఆ అలవాటు నేర్పినవాళ్ళము మేమే. పెదవులు కదలకుండా, కన్నుతో చదవడం వేరే నేర్చుకోవాలి.

నర్సులకు ఓ.ఇ.టి. అనే ఇంకొక పరీక్ష కూడా కలదు. అందులో పాసేజీలన్నీ వైద్యానికి సంబంధించినవే. రీడింగులో 42 ప్రశ్నలు, 60 నిమిషాలు. మొదటి 20 ప్రశ్నలను 15 నిమిషాలలోనే ముగించాలి. ఆ కాగితం మళ్ళీ చేతికి రాదు. బ్రిటన్ నర్సింగు కౌన్సిలుకు రీడింగులో బి గ్రేడు, అనగా 350, కావాలి. ఆసుపత్రి భాష అలవాటైనవారికి ఇది అనుకూలం కావచ్చును. అయినా వేగం ఇక్కడ కూడా తప్పదు.

సరే, ఈ వేగం ఎలా వస్తుంది? ఇక్కడ మాకు మా దాదీ గుర్తుకు వచ్చినది.

మా చిన్నతనంలో మా వీధివాళ్ళు కొందరు గల్ఫులో ఉండేవారు. ఉత్తరాలు ఉర్దూలో వచ్చేవి. ఇంట్లో ఆడవాళ్ళకు చదవడం రాకపోతే మమ్మల్ని పిలిచేవారు. మేము ఉత్తరం విప్పి పై నుంచి "అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెడితే మా దాదీ ఊరుకొనేది కాదు. "అవన్నీ తరవాత చదువు. ముందు ఒంట్లో బాగుందన్నాడా? పండక్కి వస్తున్నాడా? డబ్బు ఎవరి చేత పంపాడు?" అని మూడు ప్రశ్నలు వేసేది. మేము ఆ మూడింటి కోసం కాగితమంతా కళ్ళతో గబగబా వెతికేవాళ్ళము. పండగ అన్న మాట ఎక్కడుందో చూసి, అక్కడ ఆగి, ఆ రెండు వాక్యాలు మాత్రం నెమ్మదిగా చదివి చెప్పేవాళ్ళము. చివరకు పక్కింటావిడ వచ్చి ఏం రాశాడని అడిగితే, రెండు పేజీల ఉత్తరాన్ని దాదీయే ఒక్క మాటలో చెప్పేది: "బాగున్నాడట, పండక్కి రాడట, బక్రీదుకు వస్తాడట."

అయ్యా, ఈ పరీక్షకు తయారు చేసే పుస్తకాలలో స్కానింగ్ అని, స్కిమ్మింగ్ అని పెద్ద పేర్లు పెట్టినది దీనికే. ప్రశ్న ముందు తెలుసుకొని దాని కోసం కాగితం మీద వెతకడం ఒకటి. అంతా ఒకసారి చూసి సారం ఒక్క మాటలో చెప్పడం రెండవది. అక్షరం రాని మా దాదీకి ఈ రెండూ వచ్చును. ఉత్తరం చదివిన పదేళ్ళ పిల్లవాడికీ వచ్చును. ఆ విద్యను ఉర్దూ కాగితం మీద నుంచి ఇంగ్లీషు కాగితం మీదికి తెచ్చుకోవడమే మనం చేయవలసినది. మేము ఇవాళ చెప్పదలచినది ఈ ఒక్క మాటే: చదవడం అనే విద్య భాషకొకటిగా ఉండదు. ఒక భాషలో బాగా చదివేవాడు రెండో భాషలో సగం దారి అప్పటికే నడిచినవాడు.

కాబట్టి పిల్లలారా, పాసేజీ ముందుకు రాగానే మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టవద్దు. శీర్షిక చూడండి. ప్రతి పేరాలో మొదటి వాక్యం చూడండి. రెండు మూడు నిమిషాలలో ఇది దేని గురించో తెలుస్తుంది. తరువాత ప్రశ్నలు చూడండి. ప్రశ్నలో పేరో, ఊరో, సంవత్సరమో ఉంటే దానిని పట్టుకొని పాసేజీలో వెతకండి. దొరికిన చోట ఆగి, ముందు వాక్యం, వెనుక వాక్యం నెమ్మదిగా చదవండి. ఒక పాసేజీకి 20 నిమిషాలు. కాలం అయితే లేచిపోండి, రాని ప్రశ్నకు ఏదో ఒక జవాబు పెట్టి ముందుకు నడవండి.

అయితే ఒక చిక్కు ఉన్నది. ప్రశ్నలో ఉన్న మాటే పాసేజీలో ఉండదు. అదే సంగతిని వేరే మాటలలో చెబుతారు. మా అమ్మాయి బట్టీ పట్టిన రెండు వేల మాటలు ఇక్కడే చేతికి రాలేదు. ఒక మాటకు ఒక అర్థమే ఆమె నేర్చుకొన్నది. కాని మన ఇళ్ళలో చూడండి: పేపరు వాడు 'బాలుడు' అని రాస్తాడు, మన వీధిలో 'గుంటడు' అంటారు, ఇంట్లో 'లడ్కా' అంటాము. ముగ్గురూ ఒక్కడే అని మన చంటిబిడ్డకు కూడా తెలుసును. ఒక వస్తువుకు మూడు పేర్లు పలికే ఇంట్లో పుట్టినవాడికి ఈ చిక్కు చిక్కే కాదు. ఇంగ్లీషు మాట నేర్చుకొన్నప్పుడు దాని అన్నదమ్ములను కూడా, అది వచ్చిన వాక్యంతో సహా నేర్చుకోవాలి, అంతే.

ఇక పిల్లలు ఎక్కువగా పడిపోయే గుంట ఇంకొకటి చెబుతాము. కొన్ని వాక్యాలు ఇచ్చి, పాసేజీని బట్టి ఇది ట్రూనా, ఫాల్సా, నాట్ గివెనా అని అడుగుతారు. మూడవదానికి అర్థం ఏమిటంటే, ఆ సంగతి పాసేజీలో చెప్పలేదని. ఉదాహరణ మన ఊరిదే తీసుకొందాము. కాగితం మీద ఇలా ఉన్నదనుకోండి: "చీపురుపల్లి స్టేషను హౌరా – చెన్నై రైలు మార్గంలో, విజయనగరానికీ శ్రీకాకుళం రోడ్డుకూ మధ్య ఉన్నది." ప్రశ్నలు మూడు. ఒకటి: శ్రీకాకుళం రోడ్డు నుంచి విజయనగరం పోయే దారిలో చీపురుపల్లి తగులుతుంది. ఇది ట్రూ. రెండు: చీపురుపల్లి హౌరా మార్గంలో లేదు. ఇది ఫాల్స్, కాగితం దీనికి ఎదురు చెబుతున్నది కనుక. మూడు: శ్రీకాకుళం రోడ్డులో కంటే చీపురుపల్లిలో తక్కువ బండ్లు ఆగుతాయి.

(సభలో పిల్లలు "ట్రూ" అని కేకలు)

చూశారా! మీరందరూ స్టేషనులో గంటలు గంటలు కూర్చున్నవాళ్ళు కాబట్టి అలా అన్నారు. కాని కాగితం ఆ మాట చెప్పిందా? చెప్పలేదు. జవాబు నాట్ గివెన్. మనకు తెలిసినది ఇంట్లో పెట్టి పరీక్షకు పోవాలి. కాగితం ఒప్పుకొంటే ట్రూ, కాగితం కాదంటే ఫాల్స్, కాగితం మాట్లాడకపోతే నాట్ గివెన్. పంచాయతీలో సాక్షి చెప్పని మాటను మనం కలిపి తీర్పు చెప్పము కదా, అలాగే. ఈ రకం ప్రశ్నలకు జవాబులు పాసేజీలో వరుసగానే వస్తాయి. కాని పేరాకు తగిన శీర్షిక ఎంచుకొనే ప్రశ్నలకు ఆ వరుస ఉండదు. అక్కడ మా దాదీ చేసినట్టు పేరాను ఒక్క మాటలో చెప్పుకొని, ఆ మాటకు దగ్గరగా ఉన్న శీర్షికను పట్టుకోవాలి.

రెండు మాటలకు మించకుండా రాయమంటే మూడు రాయకూడదు. పాసేజీలో ఉన్న మాటను దించుకొనేటప్పుడు అక్షరం తప్పితే మార్కు పోతుంది. ఇవి చెప్పనక్కరలేనివే, కాని పోయే మార్కులలో కొన్ని ఇక్కడే పోతాయి.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. "మావాడు ఉర్దూ మీడియం మాస్టారూ, వాడికి ఇంగ్లీషు ఎక్కడ వస్తుంది?" అని మాతో అనేవారు చాలామంది. ఈ దిగులులో కొంత నిజం ఉన్నది. మన పిల్లల చేతికి ఇంగ్లీషు కాగితం తక్కువగా చేరుతుంది. కాని ఉర్దూ అడ్డం వస్తుందనడం మాత్రం సరి కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు పాఠాలన్నీ ఉర్దూలో, దానితోపాటు ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి. ఒకదానికి ఒకటి శత్రువని ఆ పెద్దలు అనుకోలేదు.

అంతకంటే దగ్గర సంగతి చెబుతాము. మన ఉర్దూలో జేర్, జబర్, పేష్ గుర్తులు రోజువారీ రాతలో పెట్టము. అలిఫ్, సీన్ రెండక్షరాలు పక్కపక్కన ఉంటే అది 'ఇస్' కావచ్చును, 'ఉస్' కావచ్చును. ఏదో ఎలా తెలుస్తుంది? ముందూ వెనుకా చూసి పోల్చుకొంటాము. మూడో తరగతి పిల్లవాడు కూడా ఆగకుండా పోల్చుకొంటాడు. ఇంగ్లీషు పాసేజీలో తెలియని మాట తగిలినప్పుడు చేయవలసిన పని సరిగ్గా ఇదే. 'డ్రౌట్' అన్న మాట తెలియదనుకోండి. చుట్టూ వానలు పడలేదని, చెరువు ఎండిందని, రైతులు పశువులను అమ్ముకొన్నారని ఉంటే అది కరువని పోల్చుకోలేమా? కాని అదే పిల్లవాడు ఇంగ్లీషు మాట ఒకటి తెలియకపోతే నడివీధిలో బండి ఆగినట్టు ఆగిపోతాడు. తెలివి లేక కాదు, ఇక్కడ పోల్చుకోవచ్చునని మేము చెప్పక.

ఇంకొకటి. ఇంగ్లీషులో పొడుగు వాక్యాలు పిల్లలను భయపెడతాయి. తెలుగులో "నిన్న వచ్చిన మనిషి" అంటాము, వర్ణన ముందు, మనిషి తరువాత. ఇంగ్లీషులో మనిషి ముందు వచ్చి, వెనుక 'హూ' అని తోక తగులుకొంటుంది. కాని ఉర్దూలో "వో ఆద్మీ జో కల్ ఆయా" అంటాము కదా! ఆ 'జో' చేసే పనే ఇంగ్లీషులో హూ, విచ్ చేస్తాయి. ఈ సంగతి చెప్పగానే మా పిల్లల ముఖాలు విప్పారినవి. పొడుగు వాక్యం వస్తే ఆ జో తోకను కాసేపు పక్కన పెట్టండి. కర్త ఎవరో, క్రియ ఏదో చూడండి. తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ క్రియ చివర ఉంటుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. రెండూ దొరికితే వాక్యం దొరికినట్టే.

అలాగని నాలుగు ఇంగ్లీషు ముక్కలు పలకగానే వచ్చేసినదనుకోవద్దు. మన విజయనగరం గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కంలో గిరీశాన్ని ఎందుకు పెట్టారు? 1892లోనే ఆయనకు తెలుసును, ఇంగ్లీషు నోటితో దర్జా చేయడం వేరు, చదివి గ్రహించడం వేరని. పరీక్ష ఈ రెండవదానిని అడుగుతుంది.

మరి ఎలా చదవాలి? ఆ అమ్మాయితో రెండవసారి మేము చేసిన పద్ధతి చెబుతాము. మొదటి నెల ప్రశ్నపత్రాలు ముట్టుకోలేదు. రోజుకు అరగంట ఇంగ్లీషు పేపరు చదవడం, అంతే. అయితే ఒక ఉపాయం: ముందు ఆ వార్తను తెలుగు పేపరులోనో, ఉర్దూ పేపరులోనో చదివి, తరువాత అదే వార్తను హిందూలో చదవడం. సంగతి ముందే తెలుసు కాబట్టి తెలియని మాటలు వాటంతట అవే విడిపోతాయి. సంపాదకీయం జోలికి పోలేదు. మన జిల్లా వార్తలు, క్రికెట్టు, వాతావరణం. నిఘంటువు చదివేటప్పుడు కాదు, చదవడం అయిన తరువాత, అది కూడా అయిదు మాటలకే. చదివినది మూసి, ఒక్క వాక్యంలో చెప్పాలి.

రెండవ నెల రోజుకు ఒక పాసేజీ, గడియారం పెట్టుకొని 20 నిమిషాలు. మూడవ నెల వారానికి రెండుసార్లు పూర్తి పేపరు, 60 నిమిషాలు, మధ్యలో లేవకుండా, ఫోను వేరే గదిలో పెట్టి. ఇప్పుడు పరీక్ష ఎక్కువగా కంప్యూటరు మీద జరుగుతున్నది కనుక, చివరి రోజులలో తెర మీద చదవడం అలవాటు చేసుకోవాలి. నమూనా పేపర్లు పరీక్ష జరిపేవారే ఉచితంగా ఇస్తారు.

అన్నింటికంటే ముఖ్యమైనది తప్పుల పుస్తకం. ఏ ప్రశ్న తప్పినదో రాసి, దాని ఎదుట ఎందుకు తప్పినదో రాయాలి. మాట తెలియకనా? వాక్యం అర్థం కాకనా? ప్రశ్న సరిగా చదవకనా? కాలం చాలకనా? నెల తిరిగేసరికి రోగం ఎక్కడున్నదో తెలిసిపోతుంది. మా అమ్మాయి పుస్తకంలో మాట తెలియక పోయినవి కొద్ది. ప్రశ్న తొందరగా చూసి పోగొట్టుకొన్నవే ఎక్కువ. మేము ఇచ్చిన మందు ఏమిటి, ఉన్న రోగం ఏమిటి, ఆలోచించండి.

డబ్బు సంగతి కూడా ఒక మాట. పరీక్ష ఫీజు చిన్నది కాదు. ఇంట్లో రాసిన నాలుగు పేపర్లలో వరుసగా కావలసిన మార్కులు వచ్చేదాకా ఫీజు కట్టవద్దు. ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది, కాబట్టి మరీ ముందుగా కూడా రాయవద్దు. ఒక్క భాగమే మళ్ళీ రాసే వీలు ఇప్పుడు వచ్చింది. కాని మీరు పోదలచిన సంస్థ దానిని ఒప్పుకొంటుందో లేదో ముందే కనుక్కోండి. పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్టు ఇప్పిస్తామనే వారి మాట వినవద్దు. ఆ సర్టిఫికెట్టును అవతలివాళ్ళు నేరుగా పరీక్ష వారి దగ్గరే సరిచూసుకొంటారు. డబ్బు పోవడమే కాదు, పిల్లవాడి పేరు పోతుంది.

ఆ అమ్మాయి రెండవసారి రాసినది. రీడింగులో 6.5 వచ్చింది. అర తక్కువ. ఫలితం వచ్చిన సాయంత్రం మా ఇంటికి వచ్చినది. మేము ఏమని ఓదార్చాలా అని మాటలు వెతుక్కొంటూ ఉంటే, తానే తప్పుల పుస్తకం తీసి మా ముందు పెట్టి, "ఈసారి మూడు పాసేజీలూ ముగించాను మాస్టారూ. ఒక్కటి కూడా ఖాళీ వదలలేదు. శీర్షికల దగ్గర పోయి ఉంటాయి, అవి చూద్దాం" అన్నది. మొదటిసారి ఎందుకు పోయినదో తెలియక ఏడ్చిన పిల్ల, రెండవసారి ఎక్కడ పోయినదో వేలు పెట్టి చూపించినది. మాకు ఆ అర మార్కు కంటే ఇది పెద్దదిగా కనిపించింది. మూడవసారి రాయడానికి తయారవుతున్నది. ఈ సభలోనే ఆడవాళ్ళ వైపు కూర్చున్నది, పేరు చెప్పవద్దని మాట తీసుకొన్నది. సెలవు దొరికిన ఆదివారాలలో వచ్చి మన చిన్న పిల్లలకు ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ తానే చెబుతున్నది. మా కంటే బాగా చెబుతున్నది.

అధ్యక్షుల వారికి, సభ్యులకు మా మనవి ఒక్కటే. స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. దానితోపాటు సంఘం గదిలో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తలుపు తీసి ఉంచండి. ఒక ఇంగ్లీషు పేపరు, ఒక తెలుగు పేపరు, ఒక ఉర్దూ పేపరు వేయించండి. మగపిల్లలకు ఒక వైపు, ఆడపిల్లలకు ఒక వైపు బల్లలు. పరీక్ష రాసేవాళ్ళే కాదు, ఆరో తరగతి పిల్లలు కూడా రావాలి. చదివే అలవాటు మూడు నెలల్లో పుట్టదు. మూడు నెలల్లో దానికి పదును మాత్రం పెట్టగలము. ఇంటికి పోయిన తరువాత పిల్లవాడిని "ఏం చదివావు?" అని అమ్మ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఆమెకు ఇంగ్లీషు రానక్కరలేదు. మా దాదీకి ఉర్దూ అక్షరాలే రావు, అయినా ఆమె ప్రశ్నలే మాకు చదవడం నేర్పినవి.

ఇంకొక వస్తువు కూడా కావాలి. ఆ గదిలో గోడ గడియారం ఆగిపోయి చాలా రోజులైనది. ఎవరైనా పెద్దమనసు చేసుకొని ఒక కొత్తది ఇప్పిస్తే, వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడతాము.